అంచు కోసేసిన గుడ్డ

సూరత్‌లో కతార్‌గామ్ దర్వాజా దగ్గర ఇంగ్లీషువాళ్ల పాత శ్మశానం ఉంది. చూడనివాళ్లు నాలుగు సిలువ రాళ్లు, కాస్త గడ్డి ఉంటాయనుకుంటారు. లోపలికి అడుగుపెడితే కమానులు, గుమ్మటాలు, స్తంభాల మీద లేచిన అంతస్తులు. ఏ నవాబు సమాధికో వచ్చామా అని బయటికెళ్లి బోర్డు మళ్లీ చదువుకోవాలనిపిస్తుంది. అన్నింటిలో పెద్దది ఆక్సెండెన్ అన్నదమ్ములది. క్రిస్టఫర్ 1659లో పోయాడు, జార్జి 1669లో. జార్జి సామాన్యుడేం కాదు, సూరత్ కోఠీకి, అంటే వర్తక స్థావరానికి, పెద్ద. బొంబాయి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక దానికి గవర్నరు కూడా. బతికినన్నాళ్లూ మొఘల్ అధికారుల దగ్గర అనుమతుల కోసం తిరిగిన మనిషి, పోయాక మొఘల్ పద్ధతి గుమ్మటం కిందే పడుకున్నాడు.

దానికి కాస్త దూరంలోనే డచ్చివాళ్ల గోరీలు. అక్కడి పెద్ద కట్టడం వాన్ రీడ్‌ది. మలబారు మొక్కల గురించి 12 సంపుటాల ‘హోర్టస్ మలబారికస్’ చేయించిన మనిషి అతనే, 1691లో పోయాడు. అదీ గుమ్మటమే. కూలీకీ సున్నానికీ డబ్బులిచ్చింది ఐరోపా వర్తకులైనా, కొలత ఈ ఊరి మేస్త్రీలది.

నేను మొదట మెచ్చుకోవాల్సిన పనితనం ఈ మేస్త్రీలదే. క్రైస్తవుడి సమాధికి గుమ్మటం ఎలా కట్టాలో వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. తమకొచ్చిన విద్యను అడిగినవాడి అవసరానికి అమర్చారు. అది పూర్తి నకలు కాదు, పూర్తి సొంతమూ కాదు. సూరత్ కథంతా నన్నడిగితే ఇలా ఎవరు ఎవర్ని చూసి నేర్చుకున్నారన్న కథే. ఇక్కడి పట్టునేత ‘తన్‌చోయి’ పుట్టుక గురించి చెప్పుకునే మాట కూడా అదే. ముగ్గురు సూరత్ నేతగాళ్లు చైనా వెళ్లి చోయి అనే గురువు దగ్గర నేర్చుకుని వచ్చారట. ‘తన్’ అంటే మూడు. శిష్యుల లెక్కా గురువు పేరూ కలిపి బట్టకు పెట్టుకున్నారు. ఎవరి దగ్గర నేర్చుకున్నామో పేరులోనే చెప్పడం నాకు చాలా నచ్చిన మర్యాద. ఈ మర్యాద లేని నకళ్లే మన అసలు సంగతి.

ఈ మధ్య ఒక బొమ్మల యంత్రాన్ని, కృత్రిమ మేధతో అడిగిన బొమ్మ గీసిచ్చేదాన్ని, పదిహేడో శతాబ్దపు సూరత్ చూపించమన్నాను. షావుకారూ ఇంగ్లీషు కంపెనీ మనిషీ బేరమాడుకుంటున్న దృశ్యం అడిగాను. నాలుగు బొమ్మలిచ్చింది. నాలుగింటిలోనూ తెల్లాయన కుర్చీలో నిటారుగా ఉన్నాడు, షావుకారు ముందుకు వంగి ఉన్నాడు. ఆ కాలపు సూరత్‌లో అసలు లెక్క వేరు. వీర్జీ వోరా అనే షావుకారు దగ్గర కంపెనీ అప్పులు చేసేది. వంగవలసి వస్తే వంగింది అప్పు తీసుకున్నవాడే. యంత్రం కావాలని అబద్ధమాడిందని అనను. దానికి తినిపించిన బొమ్మల్లో ఎక్కువ భాగం తర్వాతి కాలానివై ఉంటాయి, దొర కూర్చుని మనవాళ్లు నిలబడ్డ కాలానివి. వెనకటి కాలాన్ని కూడా అది ఆ కళ్లతోనే చూసింది.

మ్యూజియంలు కూడా ఇదే పొరపాటు చేస్తుంటాయి, కాకపోతే మెల్లగా. ఓడలు వచ్చాయి, మచిలీపట్నంలో 1611లో, సూరత్‌లో 1613లో కోఠీలు పెట్టారు, 1759లో సూరత్ కోట ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది, ఆపైన రాజ్యం. గోడ వెంట ఎడమ నుంచి కుడికి నడుస్తుంటే మొదటి మెట్టు మీదే చివరి మెట్టు రాసిపెట్టి ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ గోడను కదిలించడానికి కొందరు కళాకారులు ఇదే యంత్రాన్ని వేరేగా వాడుతున్నారు. వాళ్ల పనితనం దగ్గరికి సూరత్ దారినే వస్తాను. ఎందుకంటే వాళ్ల పని ఏమిటో నాకు అర్థమైంది ఇక్కడి లింబాయత్‌లో, మా చిన్నాయన మాటతో.

లింబాయత్, ఉధ్నా, పాండేసరా వైపు వెళ్తే తెలంగాణ మాట వినపడుతూనే ఉంటుంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ పల్లెల నుంచి పద్మశాలీలు తరాలుగా ఇక్కడికి వచ్చి సాంచాల మీద పనిచేస్తున్నారు. సాంచా అంటే మరమగ్గం. సిరిసిల్లలో ఏ మాటో ఇక్కడా అదే మాట. సూరత్ మునిసిపాలిటీ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతుందంటే ఎందరున్నారో ఊహించుకోవచ్చు. మా చిన్నాయన నలభై ఏళ్లు పడుగు చుట్టే బీముల మధ్య తిరిగాడు. ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. బట్ట సంగతి మాత్రం వేళ్లతో వింటాడు.

ఆయనకు ఫోన్‌లో ఒక పాత పుస్తకం పేజీ చూపించాను. మధ్యలో అతికించిన గుడ్డముక్క ఫొటో, కింద ఒక చీటీ. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, రెండు వేళ్లతో బొమ్మ పెద్దది చేశాడు. తర్వాత బొటనవేలితో తెర మీద రుద్దాడు, గుడ్డను పట్టి చూసినట్టే.

“బట్ట మంచిగనే ఉన్నది. అంచేది రా? అంచు లేకుంటె ఎటు పడుగో ఎటు పేకనో ఫొటోల ఎట్ల జెప్పాలె?”

“కోసేసిన్రు చిన్నాయనా.”

“ఎందుకు గోసిన్రు?”

“ఇరవై పుస్తకాలల్ల అతికియ్యనీకి.”

కాసేపు ఆగాడు. “అంటే చీర ఒక్కటి గూడ మిగలలేదన్నట్టు” అన్నాడు.

ఆ పుస్తకం చేయించిన మనిషి జాన్ ఫోర్బ్స్ వాట్సన్. వైద్యుడు, బొంబాయి సైన్యంలో పనిచేసి వెళ్లాడు. 1858 నుంచి లండన్‌లో భారతదేశపు ఉత్పత్తుల మీద నివేదికలిచ్చే అధికారి. 1866లో అతను ‘భారతదేశపు వస్త్ర ఉత్పత్తులు’ అనే పేరుతో నమూనాల సంపుటాలు తెచ్చాడు. 18 సంపుటాలు, 700 నమూనాలు. అలాంటి సెట్లు 20. పదమూడు బ్రిటన్‌లో ఉంచారు, ఏడు ఇండియాకు పంపారు. ప్రతి నమూనా ఇరవై ముక్కలు కావాలి కాబట్టి, లెక్క కడితే 14,000 ముక్కలు. తలపాగాలు ఒకచోట, లుంగీలూ ధోవతులూ ఒకచోట, చీరలు మరోచోట. చీటీ మీద పొడవు, వెడల్పు, బరువు, ఎక్కడిదన్న వివరం. చాలావాటికి ధర కూడా. నేసినవాడి పేరు ఉండదు. మాంచెస్టర్ మిల్లు యజమాని ఇంట్లో కూర్చుని ఈ దేశంలో ఎవరు ఏం కట్టుకుంటారో చూసి, అలాంటిదే మరమీద నేసి ఇక్కడికే పంపి అమ్ముకోవాలి. దాని ప్రయోజనం అదే. వాట్సన్ ఈ ఇరవై సెట్లనూ ఇరవై చిన్న మ్యూజియంలుగానే భావించాడు.

ఆ మనిషి పని నాణ్యతను కాదనలేను. నమూనా మొత్తం బట్ట స్వభావం తెలిసేలా ఎక్కడ కోయాలో చూసుకుని కోయించాడు, ఒకే తీరున అతికించాడు, ఒకే తీరున చీటీ రాయించాడు. నూట అరవై ఏళ్ల తర్వాత కూడా రంగులు బతికే ఉన్నాయి. కంప్యూటరువాళ్లు ఇప్పుడు ‘డేటాసెట్’ అనేది సరిగ్గా ఇదే. ఒక్క కొలతకు తెచ్చిన వేలకొద్దీ ముక్కలు, ఒక్కోదానికి ఒక్కో చీటీ. దాన్ని తిని నేర్చుకున్న యంత్రం మాంచెస్టర్ మిల్లు. ఇదే వాట్సన్, కేయీ అనే మరో అధికారితో కలిసి 1868 నుంచి ‘భారతదేశపు ప్రజలు’ అనే ఎనిమిది సంపుటాల ఫొటో పుస్తకం కూడా తెచ్చాడు. అందులో గుడ్డల బదులు మనుషులు, కింద కులం, స్వభావం అంటూ చీటీలు. గుడ్డ గురించి రాసిన చీటీ చాలావరకు నిజం చెబుతుంది, బరువు బరువే కదా. మనుషుల గురించి రాసిన చీటీల దగ్గరే అసలు చిక్కు.

చీటీ ఎంత పని చేస్తుందో సూరత్ పేరే సాక్ష్యం. ఒకప్పుడు ఆ మాట వింటే ఐరోపావాళ్లకు పట్టు, నీలిమందు, ముత్యాలు గుర్తొచ్చేవి. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధం వల్ల అక్కడి దూది ఆగిపోయి, లాంకషైర్ మిల్లులకు ఇండియా దూది వెళ్లింది. పొట్టి పింజ, మరమీద ఊరికే తెగేది. ఆ దూదికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘సూరత్’. తెగిన పోగులు అతుక్కుంటూ కూలి పోగొట్టుకున్న కార్మికుల నోట ఆ పేరు నాసిరకానికి తిట్టైపోయింది. ఆ కాలపు ఇంగ్లీషు పత్రికలన్నీ యంత్రానికి తినిపించి ‘సూరత్ అంటే ఏమిటి’ అనడిగితే ఏం చెబుతుందో వేరే చెప్పాలా?

వాట్సన్ కూర్చున్న చోటు ఇండియా మ్యూజియం. 1801లో ఈస్టిండియా కంపెనీ తన లండన్ భవనంలో మొదలుపెట్టింది, 1879లో మూతపడి సామాను పలుచోట్లకు చెదిరిపోయింది. టిప్పు సుల్తాన్ కొయ్యపులి అక్కడే ఉండేది. పులి ఒక తెల్ల సిపాయిని మీదపడి కొరుకుతుంటుంది. పక్కనున్న పిడి తిప్పితే పులి గుర్రుమంటుంది, మనిషి మూలుగుతాడు. 1799లో శ్రీరంగపట్నం దోపిడీలో పోయింది. 1808 నుంచి లండన్‌లో జనం చూడ్డానికి పెట్టారు. వచ్చినవాళ్లంతా పిడి తిప్పేవాళ్లు. పక్కనే చదువుకునేవాళ్లకు ఆ గుర్రుతో విసుగెత్తిపోయిందట. 1843 నాటికి పిడి కనబడకుండా పోయింది. చూసేవాడు చెయ్యి పెడితే కదిలే ప్రదర్శన మ్యూజియంలకు కొత్తదేం కాదని చెప్పడానికే ఈ ముచ్చట. ఓడినవాడి కోపం గెలిచినవాళ్ల పిల్లలకు ఆటబొమ్మ అయింది. చెయ్యి పెట్టనిస్తే చాలు చరిత్ర మారిపోతుందనుకునేవాళ్లకు ఈ పులిని చూపించాలి.

ఇక ముగ్గురి దగ్గరికి వస్తాను. ముగ్గురూ ఆడవాళ్లే. ముగ్గురిలో ఎవరైనా సూరత్ చూశారో లేదో, వాళ్ల పని మాత్రం మా చిన్నాయన అడిగిన ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

సౌదీలో పుట్టిన నూఫ్ అల్‌జొవైసిర్ ‘సలఫ్’ అనే పని చేసింది. అరబ్బీలో ఆ మాటకు పూర్వీకులని అర్థం. పాశ్చాత్య యాత్రికులు అరబ్బు దేశాల్లో తీసిన పాత ఫొటోలు పోగుచేసింది, అంటే వాట్సన్ ‘ప్రజలు’ పుస్తకానికి చుట్టాల్లాంటివి. బొమ్మలో ఏముందో చెప్పే యంత్రానికి చూపిస్తే ముసుగులూ పొడవాటి అంగీలూ ఉన్నవాళ్లను అది సరిగ్గా పోల్చుకోలేకపోయింది. అక్కడ ఆగి యంత్రాన్ని తిట్టి ఊరుకోవచ్చు, చాలామంది అంతే చేస్తారు. ఆమె మరో పనిముట్టు తీసుకుంది. ఫొటోలో మనిషిని ఉంచి వెనక తెరను తీసేసే పనిముట్టు అది, పెళ్లి ఫొటోలవాళ్లకు తెలిసిందే. దాన్ని తిప్పి పట్టుకుంది. తెరను ఉంచి మనిషిని కోసేసింది. మనిషి ఉన్నచోట తెల్లటి ఖాళీ. ఆ ఖాళీల ఫొటోలే మరో యంత్రానికి నేర్పి, దానిచేత కొత్త ఫొటోలు గీయించింది. వచ్చినవాటిలో ఇసుక, గుడారం, గోడ ఉంటాయి, మనుషులుండాల్సిన చోట మసకగా ఏదో ఉంటుంది.

ఇక్కడ పనితనం ఎక్కడుందో చూడండి. బొమ్మ అందంలో కాదు. కత్తెర పట్టుకున్న తీరులో ఉంది. వాట్సన్ అంచు కోసి బట్ట చూపించాడు, కోత కనపడకుండా. ఈమె కోతనే చూపించింది. పూర్వీకులు ఆ ఫొటోల్లో ఉన్నట్టే ఉన్నా తనకు దక్కలేదన్న సంగతిని ఒక్క మాట లేకుండా చెప్పింది.

మినె అతైరు పని ఇంకా క్లిష్టమైనది. ఈమె నైజీరియాది. 1897లో ఇంగ్లీషు సైన్యం బెనిన్ నగరం మీద పడి వేలకొద్దీ కంచు శిల్పాలూ దంతపు పనులూ పట్టుకుపోయింది. అవి ఇప్పుడు ఐరోపా, అమెరికా మ్యూజియంలలో చెల్లాచెదురుగా ఉన్నాయి. రాజు ఓబా ఒవొన్రామ్వెన్‌ను కలబార్‌కు పంపేశారు. ఆయన 1914లో అక్కడే పోయాక కొడుకు గద్దెక్కాడు. మధ్యలో పదిహేడేళ్లు. అక్కడ కంచు పోత పోసేవాళ్లది ఇగున్ అనే కులవృత్తి సంఘం, వాళ్ల పని రాజు కొలువుకే. రాజే లేనప్పుడు ఆ పదిహేడేళ్లు వాళ్ల చేతులు ఏం చేశాయి? అతైరు ప్రశ్న అది. ఆమె పని పేరు కూడా ‘ఇగున్’ అనే పెట్టింది, 2020లో మొదలైంది.

దోపిడీకి పోయిన శిల్పాలవి మ్యూజియంలు తీసిన ఫొటోలు పోగుచేసి ఆమె యంత్రానికి నేర్పింది. ఆ యంత్రం లోపల ఇద్దరుంటారనుకోండి. ఒకడు బొమ్మ గీస్తాడు. రెండోవాడు అసలువి చూసి ఉన్నవాడు, ఇది నకిలీ అని పట్టుకుంటూ ఉంటాడు. పట్టుబడిన ప్రతిసారీ మొదటివాడు కాస్త దిద్దుకుంటాడు. లక్షల సార్లు జరిగాక రెండోవాడికి తేడా తెలియని స్థాయికి వస్తాడు మొదటివాడు. కంసాలి కొట్టులో పిల్లవాడికీ గురువుకీ మధ్య జరిగేదే, కోపతాపాలు లేకుండా. ఇలా బయటికొచ్చినవి ఏ ఒక్క బెనిన్ శిల్పానికీ నకళ్లు కావు. కొన్నింటిని ఆమె త్రీడీ ప్రింటుతో చేత్తో పట్టుకునే రూపంలోకి తెచ్చింది.

నాకు ఇందులో నచ్చింది ఆమె తీసుకున్న కాలం. బెనిన్ వైభవాన్ని మళ్లీ కట్టి చూపించొచ్చు, అది సులువు, జనం చప్పట్లు కొడతారు. ఈమె అసలు ఏమీ మిగలని పదిహేడేళ్లను ఎంచుకుంది. ఖాళీని పూడ్చానని చెప్పదు. ఇక్కడొక ఖాళీ ఉంది, దాని కొలత ఇంత, దాని రెండు ఒడ్లూ ఇవి అని చూపిస్తుంది. మరో మాట. యంత్రానికి పాఠంగా ఇచ్చిన ఫొటోలన్నీ దోచుకున్న సొమ్మును దోచుకున్నవాళ్ల తరఫు కెమెరాలు తీసినవి, మ్యూజియం దీపాల వెలుగులో. యంత్రం శిల్పంతో పాటు ఆ దీపాన్ని కూడా నేర్చుకుంటుంది. ఏ రాజమందిరం వెలుగూ దానికి తెలియదు. ఆ లోపం ఆమె పనిలో దాగదు, దాచలేదు కూడా.

ఇదే దారిలో జర్మనీలో ఉండే ఇరాకీ మూలాల కళాకారిణి నోరా అల్-బద్రి ఐదు మ్యూజియంల మెసొపొటేమియా వస్తువుల ఫొటోలు 10,000 యంత్రానికి నేర్పి ‘బాబిలోనియన్ విజన్’ (2020) చేసింది. గట్టి పనే. కానీ నా మనసు అతైరు దగ్గరే ఆగిపోయింది. పదివేల ఫొటోలకన్నా పదిహేడేళ్లు నాకు పెద్దవిగా తోచాయి.

మూడోది మాట్లాడుతుంది. అమెరికాలోని నల్లజాతి కళాకారిణి స్టెఫనీ డింకిన్స్ ‘నాట్ ది ఓన్లీ వన్’ (2018) అనే ఆకృతి చేసింది. నల్లటి వస్తువు, దాని మీద ఆడవాళ్ల ముఖాలు తేలినట్టుంటాయి. దగ్గరికెళ్లి అడిగితే జవాబిస్తుంది. దానికి నేర్పింది ఇంటర్నెట్‌లో దొరికిన కోట్ల మాటలు కాదు, తన కుటుంబంలో మూడు తరాల ఆడవాళ్లు చెప్పిన కబుర్లు. అంతే. అంత తక్కువ నేర్చుకున్న యంత్రం తడబడుతుంది, అడిగినదానికి ఇంకేదో చెబుతుంది, చెప్పిందే చెబుతుంది. ఈ తడబాటును డింకిన్స్ దిద్దలేదు. పెద్ద యంత్రం మాటలు తెచ్చి కలిపితే గడగడా మాట్లాడుతుంది, కానీ అప్పుడు మాట్లాడేది ఆ కుటుంబం కాదు. మనిళ్లల్లో మంచం మీది నాయనమ్మను హైదరాబాదు రజాకార్ల సంగతి అడిగి చూడండి. ఆమె ఆ ఏడాది దూడ చచ్చిపోయిన కథ చెబుతుంది. మనం విసుక్కుంటాం. ఆమెకు ఆ ఏడాదంటే అదే.

బెంగళూరులోని మ్యాప్ మ్యూజియం ఎం.ఎఫ్. హుస్సేన్‌కు ఒక డిజిటల్ రూపం చేయించింది, అడిగినదానికి అది జవాబిస్తుంది. కేంబ్రిడ్జిలో 2024లో జంతుశాస్త్ర మ్యూజియంలోని డోడో పక్షి అస్థిపంజరం చేత కూడా మాట్లాడించారు. హుస్సేన్ సంగతి ఒప్పుకోవచ్చు, ఆయన చెప్పిన మాటలు బోలెడు ఉన్నాయి. డోడో సరదా. మరి చీటీ మీద పేరే లేని నేతగాడికి ఏ గొంతు పెడతాం? పెట్టడం ఎంత తేలికో ఇప్పుడు. రెండు నిమిషాల్లో ‘నేను సూరత్ నేతగాణ్ణి, నన్ను కంపెనీవాళ్లు దోచుకున్నారు’ అని చక్కటి భాషలో ఏడుస్తుంది. నాకు ఆ ఏడుపంటే భయం. పేరు రాయకపోవడం ఒక అన్యాయమైతే, రాయని పేరుకు గొంతు అతికించడం దాని మీద ఇంకొకటి.

మన తెలుగునేల సొమ్ము దగ్గర ఒక మంచి ఉదాహరణ ఉంది, అందులో యంత్రం పాత్ర కొంచెమే అయినా. అమరావతి స్తూపం పలకలు 1859లో లండన్ చేరాయి. ఇండియా మ్యూజియం ఉన్న ఫైఫ్ హౌస్ బండ్ల చావడిలో పడి ఉంటే ఫెర్గుసన్ అనే పండితుడు చూసి బయటికి తీయించాడు. అంటే అవీ వాట్సన్ ఇంట్లోనే ఉండేవి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లాయి. (అన్నీ దొరలు తీసుకుపోయినవే అనుకోకండి. అంతకు ముందే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో కొత్త ఊరి కట్టడాలకు స్తూపం రాళ్లు వాడేశారు. 1797లో మెకంజీ అనే కంపెనీ అధికారి చూసేనాటికే అది సగం తవ్విన దిబ్బ.) ఆ పలకల్లో ఒకదానికి రెండు ముఖాలున్నాయి. ఒకవైపు క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దం నాటిది, బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కేవాళ్లు. మూడు వందల ఏళ్లు గడిచాక ఎవరో ఆ రాతినే తిప్పి, వెనకవైపు నిండుగా స్తూపం చెక్కారు. మ్యూజియంలో పలకను గోడకు ఆనించి పెడితే ఒక ముఖమే కనబడుతుంది. 2017లో బ్రిటిష్ మ్యూజియంవాళ్లు ఈ పలకను నడిగదిలో పెట్టి, గోడ మీద వెలుగుబొమ్మ వేసి, వచ్చినవాళ్లు తమ ఫోన్లతో భాగాలు కదిలించి చూసే ఏర్పాటు చేశారు. కానుకలిచ్చి ఆ స్తూపం కట్టించిన ఆడవాళ్లూ మగవాళ్లూ అందులో పేర్లతో వచ్చారు. పేర్లు ఎక్కడివి? వాళ్లే రాళ్ల మీద చెక్కించుకున్నారు. రెండు వేల ఏళ్లనాటి దాతల పేర్లు మిగిలాయి, నూట అరవై ఏళ్లనాటి నేతగాళ్లవి మిగల్లేదు. రాయికీ గుడ్డకూ ఉన్న తేడా ఒక్కటే దీనికి కారణం కాదు.

సూరత్‌లో ఇలాంటి పనికి చోటు వెతకనక్కర్లేదు. తాపీ ఒడ్డున కోట ఉంది. పోర్చుగీసువాళ్ల దాడులు తట్టుకోలేక 1540లలో ఖుదావంద్ ఖాన్ కట్టించినది, ఇప్పుడు బాగుచేసి లోపల మ్యూజియం పెట్టారు. 1890లో వించెస్టర్ అనే దొర పేరుతో పుట్టిన ఊరి మ్యూజియం, స్వాతంత్ర్యం తర్వాత సర్దార్ పటేల్ పేరుకు మారింది. పేరు మారింది కానీ, లోపల గుడ్డ ఇంకా అద్దం వెనకే.

నేనైతే డింకిన్స్ దారి పడతాను. వాట్సన్ సంపుటాల్లో ఒక్క పేజీ తీసుకుని గోడంత చేస్తాను. ఎదురుగా ఊళ్లోని నేతగాళ్లను నిలబెడతాను, ఒడియావాళ్లు, తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు, ఇక్కడి ఖత్రీలు, ఎవరి భాషలో వాళ్లు. ఆ గుడ్డ చూసి వాళ్లు అనే మాటలే యంత్రానికి పాఠం. ఎన్ని పిక్కులు (పేక పోగులు), పోగు చేతిదా మరదా, ఈ రంగు ఉతికితే దిగుతుందా, ఇది కట్టుకునేవాళ్లు ఎవరై ఉంటారు. వాట్సన్ చీటీలో లేని సంగతులన్నీ అలా చేరతాయి, చాలావరకు ఒకరితో ఒకరికి పొసగకుండా. వచ్చినవాళ్లు అడిగితే యంత్రం ఆ పొసగనివన్నీ ముందు పెట్టాలి. ఎవరి నోటి మాటో, ఏ వాడ నుంచి వచ్చిందో చెప్పాలి. తెలియనిచోట నోరు మూసుకోవాలి. ఈ చివరిది చేయించడమే అన్నింటికన్నా కష్టం. మాట్లాడటానికే తయారైన యంత్రాన్ని ఆపడానికి, సాంచాకు పోగు తెగితే ఆగే మీట ఉన్నట్టు, ఒక మీట అమర్చాలి.

ఇదంతా చిన్నాయనకు చెప్పాను, గట్టిగా, చెవి దగ్గర. సగం విన్నాడు. ఫోన్ ఇంకా ఆయన చేతిలోనే ఉంది, పేజీ తెరిచే ఉంది.

“గా మిషను తెలుగుల మాట్లాడ్తదా?”

“మాట్లాడ్తది.”

“అయితె అడుగు. ఈ చీర అంచు ఏం రంగు?”

“అడిగితె ఏదో ఒకటి చెప్తది చిన్నాయనా. ఎరుపంటది, పచ్చంటది. దానికి తెలిసి గాదు.”

తెర మీద గుడ్డముక్క కోసిన వైపు బొటనవేలు పెట్టి, అటూ ఇటూ జరిపి చూశాడు.

“గట్లయితె అడగకు” అని ఫోన్ తిరిగి ఇచ్చాడు.